ఉద్యానం పక్కన గ్రంథాలయం
(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో ఏర్పాటైందో ఆయన్ని ఊరంతా మాస్టారు అనే పిలిచింది. నేనూ ఆ పిలుపునే వాడతాను. బడి వదిలాక వచ్చి ఈ గ్రంథాలయం తలుపులు తీసి, పత్రికలు సర్ది, వచ్చిన ప్రతి పుస్తకాన్నీ తన చేత్తో రిజిస్టరుకెక్కించిన మనిషి ఆయన. ఆ రిజిస్టర్లలో ఒకదాన్ని ఇందాక కార్యదర్శి గారు నాకు చూపించారు. వరుస సంఖ్య, గ్రంథం పేరు, రచయిత, వెల, దాత. చిరిగి తీసేసిన పుస్తకానికి కూడా ఎందుకు తీసేశారో ఎర్రసిరాతో ఒక ముక్క, కింద పొడి సంతకం. ప్రజల సొత్తులో ఏది వచ్చినా, ఏది పోయినా ప్రజలకు లెక్క చెప్పాలని ఆ పేజీలు చూస్తే తెలుస్తుంది. ఈనాటి నా ప్రసంగం ఆ లెక్క గురించే. అయితే పుస్తకాలతో పాటు నేలను కూడా ఆ లెక్కలోకి తీసుకువస్తున్నాను.

నేను చెప్పదలచింది మొదటే చెప్పేస్తాను. మన పట్టణాలకు కొత్త గ్రంథాలయాలు కావాలి. వాటిని పార్కుల్లో కట్టకూడదు. ఈ రెండు మాటలూ ఒకరి నోటి నుంచే, ఒకే అర్జీలో రావాలి. గ్రంథాలయం అడిగేవారు ఒక వర్గంగా, చెట్లు కాపాడేవారు మరొక వర్గంగా విడిపోయిన చోట రెండూ దక్కకుండా పోతున్నాయి.

చరిత్ర చూస్తే ఈ విడిపోవడం చాలా విచిత్రంగా కనిపిస్తుంది. ఎందుకంటే ప్రజల పార్కు, ఉచిత గ్రంథాలయం ఒకే తరం కన్న బిడ్డలు. ఇంగ్లండులో నూలుమిల్లుల చుట్టూ పట్టణాలు పెరిగి, కార్మికులకు ఊపిరి తీసుకునే చోటు కూడా కరవైన రోజుల్లో, 1833లో అక్కడి పార్లమెంటు ప్రజలు తిరగడానికి బహిరంగ స్థలాలు ఉన్నాయా లేవా అని విచారణ జరిపింది. 1846 ఆగస్టు 22న మాంచెస్టరు, సాల్ఫర్డు పట్టణాల్లో మూడు పార్కులు ఒకేరోజు తెరుచుకున్నాయి. వాటికి డబ్బు ప్రజల చందాల నుంచి వచ్చింది. సాల్ఫర్డులోని పీల్ పార్కు కోసం కొన్న స్థలంలో లార్క్ హిల్ అనే పాత భవంతి ఒకటి ఉంది. దాన్ని పడగొట్టకుండా, పక్కన కొత్తది కట్టకుండా, 1850లో అందులోనే మ్యూజియం, గ్రంథాలయం తెరిచారు. బ్రిటన్‌లోని తొలి ఉచిత ప్రజా గ్రంథాలయాల్లో అది ఒకటి. ఆ పార్కు కోసం, ఆ గ్రంథాలయం కోసం పాటుపడిన జోసెఫ్ బ్రదర్టన్ ఆ పట్టణపు పార్లమెంటు సభ్యుడు. ఒకప్పుడు నూలుమిల్లులో పనిచేసినవాడు. అదే ఏడాది విలియం ఎవార్ట్ తెచ్చిన ప్రజా గ్రంథాలయ చట్టానికి వెన్నుదన్నుగా నిలిచింది కూడా ఆయనే. నీడను, చదువును ఆయన రెండు ఉద్యమాలుగా చూడలేదు.

ఆ 1850 చట్టంలో ఒక లోపం ఉంది. పౌనుకు అరపెన్నీ చొప్పున పన్ను వేసుకుని భవనానికి, సిబ్బందికి ఖర్చు పెట్టుకోవచ్చు గాని పుస్తకాలు కొనడానికి వీల్లేదు. ఆ లోపం సరిదిద్దడానికి 1855 దాకా పట్టింది. మన చట్టాల్లో ఇలాంటి లోపమే మరో చోట ఉంది. దాని సంగతికి తర్వాత వస్తాను.

పార్కుకూ గ్రంథాలయానికీ నడుమ ఉన్న తగవు పూర్తిగా బయటపడిన నగరం చికాగో. మన పిల్లలు అక్కడ వేల సంఖ్యలో ఉన్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లి వచ్చిన తల్లిదండ్రుల ఫోన్లలో మిలీనియం పార్కులోని అద్దాల గింజ లాంటి శిల్పం ముందు దిగిన ఫొటో ఒకటి తప్పక ఉంటుంది. ఆ పార్కు దగ్గర మిషిగన్ అవెన్యూ దాటితే రాతి కమానులతో పాత భవనం ఒకటి కనిపిస్తుంది. అది 1897లో పూర్తయిన చికాగో ప్రజా గ్రంథాలయం. ఇప్పుడు సాంస్కృతిక కేంద్రంగా నడుస్తోంది. 1871 నాటి అగ్నిప్రమాదంలో నగరం కాలిపోయినప్పుడు ఇంగ్లండు ప్రజలు వేల పుస్తకాలు పంపారు. 1873లో వాటిని వాడకంలో లేని ఇనుప నీళ్లట్యాంకులో పేర్చి గ్రంథాలయం మొదలుపెట్టారు. పాతికేళ్లు ఆ చోటూ ఈ చోటూ తిరిగాక దానికి సొంత ఇల్లు అమరింది. అయితే ఆ ఇల్లు లేచిన స్థలం డియర్బార్న్ పార్కు. గ్రంథాలయం వచ్చింది, పార్కు పోయింది. ఈనాడు ఆ భవనాన్ని మెచ్చుకునేవారిలో అక్కడ ఒకప్పుడు పార్కు ఉండేదని ఎరిగినవారు చాలా కొద్దిమంది.

అదే వీధిలో అప్పటికే రెండో కథ నడుస్తోంది. సరస్సు ఒడ్డున ఉన్న నేలను 1836లోనే కాలువ కమిషనర్లు పటంలో ప్రజల ఉమ్మడి స్థలంగా గుర్తించి, అక్కడ ఏ కట్టడమూ ఎన్నటికీ లేవకూడదని రాసిపెట్టారు. 1890 నాటికి అక్కడ చెత్తకుప్పలు, గుర్రపుశాలలు, రేకుల షెడ్లు చేరాయి. మిషిగన్ అవెన్యూలో టపా వ్యాపారం నడిపే ఆరన్ మాంట్‌గోమరీ వార్డ్ తన కార్యాలయం కిటికీలోంచి వాటిని చూసి కోర్టుకెక్కాడు. షెడ్లు తీయించే దాకా ఆయన్ని మెచ్చుకున్నవారు ఉన్నారు. ఆ తర్వాత నగరంలోని పెద్దలు అదే నేల మీద గొప్ప సంస్థలు కట్టాలని సంకల్పించారు. 1909లో డేనియల్ బర్న్‌హామ్ బృందం తయారుచేసిన ప్రఖ్యాత చికాగో ప్రణాళిక చూడండి. గ్రాంట్ పార్కు నడుమ ఫీల్డ్ మ్యూజియం, ఒక పక్క ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, మరో పక్క క్రెరార్ గ్రంథాలయం. గ్రంథాలయానికి డబ్బు జాన్ క్రెరార్ అనే ధనికుడు వీలునామాలో విడిచిపోయిన నిధి. దోపిడీదారులెవరూ లేరు. స్వార్థమూ లేదు. జ్ఞానానికి, కళకు, శాస్త్రానికి గుడి కడతామంటే కాదనే మనిషి వార్డ్ ఒక్కడే.

ఆయన కాదన్నాడు. 1890 నుంచి 1911 దాకా దావా మీద దావా వేశాడు. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. స్నేహితులు దూరమయ్యారు. ఇల్లినాయ్ సుప్రీంకోర్టు ఆయన పక్షమే నిలిచింది. ఆయన మ్యూజియానికి శత్రువు కాదు, గ్రంథాలయానికీ శత్రువు కాదు. వాటికి వేరే చోటు చూడమన్నాడు. నగరం చూసింది. ఫీల్డ్ మ్యూజియం గ్రాంట్ పార్కుకు దక్షిణాన సరస్సును పూడ్చిన నేల మీద 1921లో తెరుచుకుంది. క్రెరార్ గ్రంథాలయం పార్కు ఎదుట, రోడ్డుకు ఇవతల లేచింది. మ్యూజియం, గ్రంథాలయం, పార్కు మూడూ నగరానికి దక్కాయి. వార్డ్ 1913లోనే పోయాడు, ఇవేవీ చూడలేదు.

ఆ తీరంలో మినహాయింపుగా నిలిచిన ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ భవనం మనకు బాగా తెలిసిందే. 1893లో విశ్వమత మహాసభ జరిగింది, వివేకానందుడు ప్రసంగించింది అందులోనే. ఎదుటి స్థలాల యజమానులు ఒప్పుకోబట్టి అది నిలబడింది.

ఆ ఒప్పుకోవడంలోనే వార్డ్ విజయానికి ఉన్న పరిమితి కనిపిస్తుంది. ఆయన గెలిచింది పౌరుడిగా కాదు, పార్కుకు ఎదురుగా ఆస్తి ఉన్నవాడిగా. ఆ నేల ఖాళీగా ఉంటుందన్న హామీ మీదే ఎదుటి స్థలాలు అమ్ముడుపోయాయి గనక హామీ నిలబెట్టమని అడిగే హక్కు ఆ యజమానులది. సాయంత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని అక్కడికి వచ్చే కూలి మనిషికి ఆ హక్కు లేదు.

ఈ భేదం ఎంతవరకు పోతుందో అదే నగరంలో నూరేళ్ల తర్వాత కనిపించింది. దక్షిణ చికాగోలోని జాక్సన్ పార్కు ఓమ్‌స్టెడ్, వాక్స్ రూపకల్పన చేసిన చారిత్రక ఉద్యానం. అందులో 19 ఎకరాల పైచిలుకు స్థలాన్ని ఒబామా అధ్యక్ష కేంద్రానికి ఇచ్చారు. నగర గ్రంథాలయ శాఖ ఒకటి కూడా అందులో భాగం. 2018లో పార్కు పరిరక్షకులు దావా వేశారు. 2020లో ఫెడరల్ అప్పీలు కోర్టు, రాష్ట్ర చట్టాల ఆధారంగా చేసిన వాదనలు తన ముందు వినిపించే అర్హత వారికి లేదని తేల్చింది. 2021లో నిర్మాణం మొదలైంది. ఆ కేంద్రం చుట్టుపక్కల నల్లజాతి వాడలకు మేలు చేస్తుందనే వాదనను నేను తేలిగ్గా తీసుకోను. దశాబ్దాలుగా పెట్టుబడి చేరని వాడలు అవి. అయినా నా మనసు ఒప్పుకోదు. ఆ మేలు పార్కు బయట ఉన్న స్థలాల్లో చేస్తే వాడకు రెండూ మిగిలేవి.

ఈ విషయంలో మన న్యాయస్థానాలు ముందడుగు వేశాయని చెప్పగలిగినందుకు సంతోషంగా ఉంది. బెంగళూరు సదాశివనగర్ ప్రాంతంలో లేఅవుట్ ప్రకారం పార్కుకు విడిచిన స్థలాన్ని ఒక వైద్య ట్రస్టుకు ఆసుపత్రి కోసం కేటాయించారు. ఆ పేటవాసులు కోర్టుకు వెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. ముద్దప్ప కేసుగా న్యాయవాదులందరికీ తెలిసిన తీర్పు అది. బహిరంగ స్థలం పోతుంటే అడ్డుపడడానికి పక్కన ఆస్తి ఉండనక్కర్లేదు, ఆ పేటలో నివసించడమే చాలని ఆ తీర్పు స్థిరపరిచింది. 1995లో ఢిల్లీ సరితా విహార్‌లో పార్కు స్థలాన్ని నర్సరీ బడికి ఇస్తే సుప్రీంకోర్టు దాన్నీ కొట్టేసింది. ఆసుపత్రి మంచిదే, బడి మంచిదే. అంత మంచి పనులకు కూడా పార్కు నేల పనికిరాదన్నప్పుడు గ్రంథాలయం పేరు చెప్పి మనం మినహాయింపు అడగడం ధర్మం కాదు.

అదే బెంగళూరులో నా వాదానికి ఎదురు నిలిచే భవనం ఒకటి ఉంది. కబ్బన్ పార్కులోని శేషాద్రి అయ్యర్ స్మారక భవనం, 1915 నాటిది. ఎర్రని గోడలు, ముందు గులాబీ తోట, లోపల రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. దాన్ని చూసినవారెవరికైనా పుస్తకానికి ఇంతకంటే తగిన చోటు ఉండదనిపిస్తుంది. నాకూ అనిపించింది. కాని 1915లో ఆ ఊరి చుట్టూ ఎంత నేల ఉందో, ఇప్పుడు ఎంత ఉందో ఆలోచించాలి. కబ్బన్ పార్కును, లాల్‌బాగ్‌ను కాపాడడానికి కర్ణాటక 1975లో ప్రత్యేక చట్టమే చేయాల్సివచ్చింది. మొదటి భవనం అందంగా ఉంటే, ఆ అందాన్ని చూపి తర్వాతి భవనానికి అనుమతి అడుగుతారు.

హైదరాబాదు బాగే ఆమ్, అంటే ఇప్పటి పబ్లిక్ గార్డెన్స్, అందుకు సాక్ష్యం. అక్కడ 1913లో టౌన్‌హాలు పూర్తయింది, అనంతరం అది శాసనసభ భవనమైంది. ఆ తోటలోనే తర్వాత మ్యూజియం. నిజాం రజతోత్సవానికి జూబ్లీ హాలు. స్వాతంత్ర్యం వచ్చాక బాలభవన్, లలిత కళాతోరణం, ప్రియదర్శిని ఆడిటోరియం. వీటిలో ఒక్కటి కూడా చెడ్డ పని కాదు. ప్రతి ఒక్కటీ విడిగా చూస్తే అవసరమే. అన్నీ కలిసేసరికి సామాన్యుడు నడవడానికి మిగిలింది భవనాల మధ్య జాగా. చిన్న పట్టణాల్లో ఇదే కథ ఇంకా చిన్న కొలతలో జరుగుతుంది. పార్కు మూలలో ముందు మంచినీళ్ల ట్యాంకు, దానికో మోటారు గది, పక్కన వార్డు కార్యాలయం, ఆ పైన ఒక కమ్యూనిటీ హాలు. ఆఖరికి మిగిలిన రెండు వేపచెట్ల కింద గ్రంథాలయానికి శంకుస్థాపన రాయి. ఆ రాయి వేయించేది పుస్తకాలంటే ప్రాణం పెట్టే మనలాంటివాళ్లమే. నన్ను బాధపెట్టేది అదే.

ఎందుకలా జరుగుతోంది? మన గ్రంథాలయోద్యమ చరిత్రలోనే జవాబు ఉంది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన తొలి గ్రంథాలయ మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు ఆ ఉద్యమానికి జీవితం ధారపోశారు. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. ఆ తరం స్థలం కోసం ప్రజల నేలను తాకలేదు. దాత ఇచ్చిన జాగా, ఎవరో ఖాళీ చేసి ఇచ్చిన అరుగు, చివరికి పడవ. ఊళ్లో ఉన్నవాళ్లు తమది ఇచ్చి గ్రంథాలయం నిలబెట్టారు.

స్వాతంత్ర్యానంతరం ఆ భారం ప్రభుత్వం తీసుకుంది. 1948 నాటి మద్రాసు చట్టం, 1955 నాటి హైదరాబాదు చట్టం, రెండింటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ ప్రజా గ్రంథాలయాల చట్టం. ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతుంది. మనం కట్టే పన్ను రసీదులో ఆ పద్దు ఉంటుంది. స్థానిక సంస్థలు ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమచేయక బకాయిలు పేరుకుపోతుంటాయని ఈ సభలో ఉన్న గ్రంథపాలకులకు నేను చెప్పనక్కర్లేదు. ఇందాక నేను ప్రస్తావించిన లోపం అది కాదు. ఆ చట్టం గ్రంథాలయానికి రాబడి చూపించింది. ప్రతి పేటలోనూ దానికంటూ ఇంత నేల విడిచిపెట్టాలన్న నియమం పెట్టలేదు. మరోవైపు పట్టణ ప్రణాళిక నిబంధనలు లేఅవుట్‌లో 10 శాతం బహిరంగ స్థలంగా విడవమంటాయి. అంటే పార్కుకు నేల ఉంది, ఆదాయం లేదు. గ్రంథాలయానికి ఆదాయం ఉంది, నేల లేదు. కొత్త భవనానికి నిధులు మంజూరైన రోజున అధికారి చూపు ఆ 10 శాతం మీదికే పోతుంది. మనుషుల బుద్ధిని తప్పుపట్టి లాభం లేదు. రెండు చట్టాల మధ్య ఉన్న ఖాళీని పూడ్చమని అడగాలి.

ఈ గ్రంథాలయాల అవసరం తీరిపోయిందనేవారు ఒకసారి చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి పొద్దున్నే వెళ్లి చూడాలి. గేటు తీసేసరికి వరుస కట్టి నిలుచున్న యువతీయువకులు, కుర్చీ దొరకనివారు చెట్ల కింద, మెట్ల మీద, ప్లాస్టిక్ కుర్చీ వెంట తెచ్చుకున్నవారు మరికొందరు. ఒళ్లో ఇండియన్ పాలిటీ పుస్తకం, పక్కన టిఫిను డబ్బా, నీళ్ల సీసా. అద్దెగదిలో నలుగురితో సర్దుకుంటూ గ్రూప్స్‌కు చదివే పిల్లకు ఇంట్లో లేని నిశ్శబ్దం అక్కడ దొరుకుతుంది. ఇక్కడ ఒక సంగతి గమనించండి. లోపల చోటు చాలక ఆ పిల్లలు వెతుక్కున్నది చెట్టునీడనే. భవనం పెంచడానికి ఆ చెట్లు కొట్టేస్తే వాళ్ల చదువుగదుల్లో ఒకటి తగ్గినట్టే.

మరి ఎక్కడ కట్టాలి? చాలా పట్టణాల్లో నడిబొడ్డున ఒక అంతస్తుతో ఆగిపోయిన ప్రభుత్వ కార్యాలయాలు ఉన్నాయి. కొత్త కలెక్టరేట్లు వెలిశాక ఖాళీ అయిన పాత భవనాలు ఉన్నాయి. పాత గ్రంథాలయ భవనాన్నే పైకి పెంచవచ్చు. సాల్ఫర్డు వారిలాగ పార్కులో ముందే ఉన్న భవనాన్ని బాగుచేసి వాడుకుంటే అందుకు నాకు అభ్యంతరం లేదు, దాని పునాదిని అంగుళం కూడా పెంచనంతవరకు. మూసీ వరద హైదరాబాదును ముంచిన తర్వాతి దశాబ్దాల్లో ఆ ఒడ్డును తిరిగి కట్టినప్పుడు ఆసుపత్రి, న్యాయస్థానం సరసన గ్రంథాలయానికి కూడా పెద్ద జాగా దొరికింది. 1891లో మొదలైన అసఫియా గ్రంథాలయం 1936లో అఫ్జల్‌గంజ్‌లో సొంత భవనంలోకి మారింది. ముందుగా తలచుకున్నవారికి నేల దొరుకుతుంది.

న్యూయార్కు ఉదాహరణ చూపించి, భూగర్భంలో కట్టవచ్చు కదా అని అడిగేవారూ ఉన్నారు. అక్కడి ప్రజా గ్రంథాలయానికి పుస్తకాలు పట్టక, వెనకనున్న బ్రయంట్ పార్కు పచ్చిక కింద అంతస్తులు తవ్వి అల్మరాలు పేర్చారు. పైన ఆరడుగుల మట్టి, దాని మీద మళ్లీ పచ్చిక. తవ్వకం జరిగినన్నాళ్లూ మూసేసిన పార్కు 1992లో మళ్లీ తెరిచినప్పుడు మునుపటికన్నా శోభాయమానంగా తయారైంది. అది నిజంగా ప్రశంసించదగ్గ పని. కాని ఆరడుగుల మట్టిలో మర్రి, రావి మహావృక్షాలుగా ఎదగడం కష్టం. మన ఎండకు పచ్చిక నీడనివ్వదు. ఇక్కడ పార్కు అంటే ముఖ్యంగా పెద్ద చెట్టు. దాని వేళ్లకు కావలసిన లోతు కూడా పార్కులో భాగమే.

చివరగా, చేయవలసిన పని. పట్టణ మాస్టర్ ప్లాన్ ముసాయిదా వెలువడినప్పుడు ప్రజల అభ్యంతరాలకు గడువు ఇస్తారు. ఆ గడువులో గ్రంథాలయ పాఠకులు ఇచ్చే అర్జీ నాకు చాలా అరుదుగా కనిపించింది. మన వార్డులో ఆమోదం పొందిన లేఅవుట్లలో ఏ సర్వే నంబరు పార్కు, అందులో ఇప్పటికే ఎంత కట్టారు అనే వివరం సమాచార హక్కు చట్టం కింద అడిగి తెప్పించుకోవచ్చు. ఆ కాగితం జతచేసి, మిగిలిన నేలను అలాగే ఉంచమని, గ్రంథాలయానికి ప్రజావసరాల కేటాయింపులో విడిగా నేల చూపమని ఒకే అర్జీలో అడగాలి. దాని మీద ఉదయం నడకకు వచ్చే విశ్రాంత ఉద్యోగి, పోటీపరీక్షకు చదివే అమ్మాయి, పిల్లాడిని ఉయ్యాల దగ్గరికి తెచ్చే తల్లి పక్కపక్కన సంతకాలు చేయాలి. లేఅవుటే లేని పాతపేటల్లో, పార్కూ గ్రంథాలయమూ రెండూ ఎరగని వాడల్లో ఈ దారి సరిపోదు. అక్కడ ప్రభుత్వం నేల కొనాల్సిందే, అదీ ముందు ఆ వాడల్లోనే కొనాలి. ఈ గ్రంథాలయ కార్యవర్గం మొదటి అర్జీని అలాంటి పేట నుంచే మొదలుపెట్టాలని కోరుతున్నాను.